ఖాళీ ఎటువైపు ఉందో ముందు చూడండి

ప్రశ్న: సార్, నమస్తే. మాది ఇందుకూరుపేట మండలం. నెల్లూరులో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. ఈ మధ్య క్యాంపస్ ఆన్‌లైన్ టెస్టులో ఒక ప్రశ్న వచ్చింది. సార్ట్ చేసిన అర్రేలు, అంటే చిన్న నుంచి పెద్దకు పేర్చిన విలువల వరుసలు, రెండు ఇచ్చారు. మొదటి దాని చివర, రెండో దానికి సరిపడా ఖాళీ ఉంది. కొత్త అర్రే వాడకుండా రెండింటినీ మొదటి దాంట్లోనే వరుసగా కలపమన్నారు. నేను రెండో దాంట్లోంచి ఒక్కో విలువ తీసుకుని, మొదటి దాంట్లో దాని చోటు వెతికి, అక్కడున్నవాటిని కుడికి జరిపి పెట్టాను. చిన్న టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి. పెద్దవి టైమ్ లిమిట్ దాటిపోయాయి. ఎలాగో ఇంటర్వ్యూ దాకా వెళ్తే అక్కడ ఇదే పట్టుకుని, ‘అసలు ఖాళీ అనేదే లేకపోతే ఏం చేస్తావ్?’ అన్నారు. నోట మాట రాలేదు. ఇంకో సంగతి. మా అన్నయ్యకు వనామీ రొయ్యల గుంటలు రెండున్నాయి. ఒక్కోదాని దగ్గర ఆర్డుయినో ఊనో బోర్డు (చిన్న కంప్యూటర్ లాంటిది) పెట్టి నీళ్లలో ఆక్సిజన్ రీడింగులు తీస్తున్నాను. రెండో బోర్డు తన లిస్టును మొదటి బోర్డుకు సీరియల్‌లో (వైరు మీద ఒక్కో బిట్టుగా) పంపుతుంది. రెండింటినీ టైము ప్రకారం కలిపి అన్నయ్య ఫోన్‌లో చూపించాలి. యాభై రీడింగుల దాకా బాగానే నడిచింది. వంద చేసేసరికి బోర్డు దానంతటదే రీసెట్ అవుతోంది. కంపైల్ చేసినప్పుడు ఏ ఎర్రరూ రాలేదు. ఈ రెండు సమస్యలకూ ఏమైనా సంబంధం ఉందా సార్?

సమాధానం: ఉంది. పరీక్షలోనూ గుంట దగ్గరా మీరు ఒకే విషయం వదిలేశారు: ఖాళీ ఎటువైపు ఉంది, ఎంత ఉంది అన్నది. అది తేల్చుకుంటే మిగతా పని చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ముందు పరీక్ష సంగతి. మీరు రాసిన పద్ధతిలో జవాబు తప్పు రాదు. ఖర్చంతా జరపడంలో ఉంది. మైపాడు బస్సులో నిండిన సీటు మొదట్లో ఒకరిని కూర్చోబెట్టాలంటే చివరి మనిషి దాకా అందరూ జరగాలి. ఆ తర్వాత ఇంకొకరు ఎక్కితే మళ్లీ అందరూ జరగాలి. రెండు అర్రేల్లోనూ చెరో లక్ష విలువలుండి, రెండో దాంట్లోవన్నీ మొదటి దాంట్లోవాటి కంటే చిన్నవైతే, మీ కోడు మొత్తం 1000 కోట్ల సార్లు జరుపుతుంది. టైమ్ లిమిట్ దాటక ఏమవుతుంది? చాలామంది ఇక్కడ ‘చోటు వెతకడానికి బైనరీ సెర్చ్ (మధ్యలో చూసి, అక్కర్లేని సగం వదిలేస్తూ వెతకడం) పెడితే సరిపోతుంది కదా’ అంటారు. సరిపోదు. పోల్చడం తగ్గుతుంది, జరపడం ఒక్కటి కూడా తగ్గదు. ఇలాంటి లెక్కల్లో ఎన్నిసార్లు పోల్చాం అన్నదాంతో పాటు ఎన్నిసార్లు కదిలించాం అన్నది కూడా లెక్కేసే అలవాటు చేసుకోండి.

ఖాళీ చివర ఉంది కాబట్టి చివరి నుంచే నింపాలి. రెండు అర్రేల్లోనూ పెద్ద విలువలు చివరే ఉంటాయి. ఆ రెండింట్లో ఏది పెద్దదో చూసి, దాన్ని మొదటి అర్రే చిట్టచివరి గడిలో పెట్టడం, తర్వాత ఒక అడుగు వెనక్కి రావడం. అంతే పని. ఒకసారి చేత్తో చేసి చూద్దాం. మొదటి దాంట్లో 3, 8, 15, 21, ఆ తర్వాత మూడు ఖాళీ గడులు. రెండో దాంట్లో 5, 8, 9.

21, 9 పోల్చితే 21 పెద్దది, అది చివరి గడిలోకి వెళ్లింది. 15, 9లో 15 పెద్దది, దానికి ముందు గడిలోకి. 8, 9లో 9 పెద్దది, రెండో అర్రే నుంచి అది వచ్చి చేరింది. ఇప్పుడు 8, 8 ఎదురుపడ్డాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సమానమైనప్పుడు రెండో అర్రేలో ఉన్న 8నే ముందు తీసి పెట్టాలి. మనం వెనక నుంచి నింపుతున్నాం కాబట్టి ముందు పెట్టింది కుడివైపు ఉంటుంది, మొదటి అర్రే 8 దానికి ఎడమన నిలుస్తుంది. అసలు వరుస చెడదు. దీన్నే స్టేబుల్‌గా కలపడం అంటాం. ఉత్త అంకెలకైతే ఈ తేడా కనపడదు. మీ గుంటల రీడింగుల్లో కనపడుతుంది: రెండు బోర్డులూ సరిగ్గా ఒకే నిమిషానికి రాసిన రీడింగుల్లో ఒకచోట ఒకటో గుంట ముందు, ఇంకోచోట రెండో గుంట ముందు వస్తే మీ అన్నయ్య తికమకపడతాడు. మిగిలింది 8, 5. 8 పెద్దది. తర్వాత 3, 5లో 5 పెద్దది. రెండో అర్రే అయిపోయింది. 3 ఎక్కడుందో అక్కడే ఉండిపోతుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. చేతికొచ్చింది 3, 5, 8, 8, 9, 15, 21.

‘వెనక నుంచి రాసేటప్పుడు మొదటి అర్రేలో ఇంకా చూడని విలువ మీద రాసేస్తామేమో’ అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అడిగేది కూడా ఇదే. రాయాల్సిన గడికీ, మొదటి అర్రేలో మిగిలిన చివరి విలువకూ మధ్య దూరం ఎప్పుడు చూసినా రెండో అర్రేలో ఇంకా మిగిలిన విలువల సంఖ్యకు సరిగ్గా సమానం. అవి మిగిలి ఉన్నంతసేపూ దూరం సున్నా కాదు, కాబట్టి తొక్కే ప్రశ్నే లేదు. దూరం సున్నా అయ్యిందంటే రెండోది ఖాళీ అయ్యిందని, అంటే పని అయిపోయిందని. ఈ మాట నోటితో చెప్పగలిగితే కోడులో చిన్న తప్పున్నా మార్కులు పడతాయి.

కోడులో అందరూ దొరికిపోయే చోటు ఒకటుంది. రెండో అర్రేలోవన్నీ చిన్నవైతే మొదటిదే ముందు అయిపోతుంది. అప్పుడు దాని గుర్తు (ఏ గడి దగ్గరున్నామో చెప్పే ఇండెక్స్) సున్నా కంటే కిందికి పోయి, లేని గడిని చదవబోతుంది. అందుకే లూపును ‘రెండోది మిగిలి ఉన్నంతసేపు’ అని నడపాలి. లోపల ‘మొదటిది మిగిలి ఉండి, దాని విలువ రెండోదాని కంటే పెద్దదైతే’ అన్న షరతు పెట్టాలి. ‘కంటే పెద్దది’ అనే రాయండి. ‘పెద్దది లేదా సమానం’ అని రాస్తే ఇందాకటి స్టేబుల్ సంగతి గంగలో కలుస్తుంది. మొత్తం మీద చెరో లక్షకు 2 లక్షల రాతలు మించవు.

రెండోదాన్ని ఖాళీలో గుమ్మరించి సార్ట్ కొట్టేస్తే పోలేదా అని మీ ఫ్రెండ్స్ అనే ఉంటారు. పైథాన్‌లో ఆ పని బాగానే నడుస్తుంది. టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం రాసిన టిమ్‌సార్ట్ అప్పటికే వరుసగా ఉన్న ముక్కలను గుర్తుపట్టి వాటిని కలుపుతుంది, మళ్లీ మొదటి నుంచి సార్ట్ చేయదు. అయితే కలపడానికి లోపల అది విడిగా కొంత మెమరీ తీసుకుంటుంది. ‘కొత్త అర్రే వాడొద్దు’ అన్న షరతు మీరు తప్పకపోయినా మీ తరఫున అది తప్పుతుంది. అడిగినప్పుడు ఆ ముక్క చెప్పగలిగితే వాడుకోండి, లేకపోతే వద్దు.

ఇక నోట మాట రాని ప్రశ్న. ఖాళీ అసలే లేదు. చిన్నవన్నీ మొదటి అర్రేలో, మిగతావి రెండో దాంట్లో వరుసగా ఉండాలి. యూట్యూబ్‌లో ఎక్కువగా కనిపించేది గ్యాప్ పద్ధతి: మొత్తం పొడవులో సగం దూరంలో ఉన్న విలువలను పోల్చి మార్చుకుంటూ, ఆ దూరాన్ని సగం సగం చేసుకుంటూ ఒకటి దాకా రావడం. రాయడం తేలిక. నాకు మాత్రం అది ఇంటర్వ్యూకి నచ్చదు. సమానమైన విలువల వరుస చెడిపోతుంది. పైగా ‘ఇది ప్రతిసారీ సరిగ్గానే వస్తుందని ఎలా చెప్పగలవ్?’ అంటే అక్కడికక్కడ వివరించడం చాలా కష్టం. వివరించలేని కోడు రాసి కూర్చోవడం కంటే కాస్త నెమ్మదిదైనా మన చేతిలో ఉన్నదాన్ని చెప్పడం మేలు.

తేలిగ్గా చెప్పగలిగేది ఇంకోటుంది. మొదటిదాని చివరి విలువను రెండోదాని మొదటి విలువతో పోల్చండి. మొదటిదే పెద్దదైతే రెండింటినీ మార్చండి. ఇటు ఒక అడుగు వెనక్కి, అటు ఒక అడుగు ముందుకు వేసి మళ్లీ పోల్చండి. మార్చనక్కర్లేని చోట ఆగండి. అప్పటికి చిన్నవన్నీ మొదటి వైపు, పెద్దవన్నీ రెండో వైపు చేరి ఉంటాయి. తర్వాత రెండింటినీ విడివిడిగా సార్ట్ చేస్తే సరి. ఇది కూడా స్టేబుల్ కాదు. కానీ ఎందుకు సరైనదో రెండు వాక్యాల్లో చెప్పొచ్చు.

నాకు బాగా నచ్చేది తిప్పే పద్ధతి. రెండు వరుసలూ పక్కపక్కనే ఉన్నాయనుకుందాం: 4, 12, 18, 25, వాటి వెంటనే 7, 9, 20. పొడవైన వరుస మధ్య నుంచి 18 తీసుకోండి. రెండో వరుసలో 18 కంటే చిన్నవి ఎన్నో బైనరీ సెర్చ్‌తో చూస్తే 7, 9 అని తేలుతుంది. ఇప్పుడు మధ్యలో ఉన్న 18, 25 అనే ముక్కనూ, 7, 9 అనే ముక్కనూ ఒకదాని చోట ఒకటి వచ్చేలా తిప్పాలి. దానికి వేరే మెమరీ అక్కర్లేదు. ఒక్కో ముక్కను విడిగా తిరగేసి, తర్వాత రెండూ కలిపి ఇంకోసారి తిరగేస్తే చాలు. 18, 25, 7, 9 కాస్తా ముందు 25, 18, 9, 7 అవుతుంది. మొత్తం తిరగేస్తే 7, 9, 18, 25. ఇప్పుడు పూర్తి వరుస 4, 12, 7, 9, 18, 25, 20. 18కి ఎడమన ఉన్నవన్నీ దానికంటే చిన్నవి, కుడిన ఉన్నవి చిన్నవి కావు. అంటే పెద్ద సమస్య రెండు చిన్న సమస్యలుగా విడిపోయింది: 4, 12ను 7, 9తో కలపడం ఒకటి, 25ను 20తో కలపడం ఇంకోటి. ఇదే పని మళ్లీ మళ్లీ చేసుకుంటూ పోతే అయిపోతుంది. వెతికేటప్పుడు ‘18 కంటే చిన్నవి’ మాత్రమే తీసుకుంటున్నాం, సమానమైనవి కుడివైపే ఉండిపోతాయి, కాబట్టి స్టేబుల్. మొత్తం విలువలు ఎన్ అనుకుంటే, ఎంత చెడ్డ పరిస్థితిలోనైనా ఖర్చు ఎన్ లాగ్ ఎన్ (ఎన్‌ను ఎన్నిసార్లు సగం చేయొచ్చో ఆ సంఖ్యతో ఎన్‌ను గుణిస్తే వచ్చేదానికి తగ్గట్టు) దాటదు. సీ ప్లస్ ప్లస్‌లో ‘ఇన్‌ప్లేస్ మెర్జ్’ (ఉన్నచోటే కలపడం) అనే రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. పేరు చూసి అసలు మెమరీ తీసుకోదనుకోకండి. దొరికితే అదనపు మెమరీ తీసుకుని ఎన్ సార్లలోపే పోల్చి ముగిస్తుంది, దొరకకపోతే ఎన్ లాగ్ ఎన్ దారి పడుతుంది.

అదనపు చోటు లేకుండా సరిగ్గా ఎన్‌కు తగ్గ ఖర్చులోనే కలపలేమా? కలపొచ్చు. రష్యాకు చెందిన క్రోన్‌రాడ్ 1969లోనే చూపించాడు. పదివేల విలువలుంటే వందేసి ముక్కలుగా విడగొట్టి, అందులో ఒక ముక్కనే రఫ్ కాగితంలా వాడుకుని, చివర్లో దాన్ని సర్దుకోవడం అందులో కిటుకు. హువాంగ్, లాంగ్‌స్టన్ 1988లో దాన్ని వాడకానికి దగ్గరగా తెచ్చారు. చదవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంటర్వ్యూలో వైట్‌బోర్డు ముందు నిలబడి రాయబోతే మాత్రం మధ్యలో చిక్కుకుపోతారు. అలాంటిది ఉందని తెలుసని చెప్పి ఊరుకోండి, ఎదుటివాళ్లకు అది చాలు.

బయట నిజంగా పనిచేసే కోడు ఇంకో ఉపాయం వాడుతుంది. రెండో వరుస మొదటి విలువ మొదటి వరుసలో ఎక్కడ పడుతుందో చూస్తుంది. దానికి ముందున్నవి ఎలాగూ కదలవు, వదిలేయొచ్చు. మొదటి వరుస చివరి విలువ రెండో వరుసలో ఎక్కడ పడుతుందో చూస్తుంది. దాని తర్వాతవీ కదలవు. మధ్యలో మిగిలిన ముక్కల్లో చిన్నదాన్ని మాత్రం పక్కన కాపీ చేసుకుని కలుపుతుంది. టిమ్‌సార్ట్ చేసేది ఇదే. ఒక లిస్టు నిన్నటిదీ ఒకటి ఇవాళ్టిదీ అయ్యి, రెండూ కాసేపే కలిసే చోట ఇది అద్భుతంగా పనిచేస్తుంది. మీకు మాత్రం పెద్దగా ఉపయోగపడదు. మీ రెండు గుంటల రీడింగులు ఒకే రాత్రివి, ఒకటి విడిచి ఒకటి అల్లుకుని ఉంటాయి. కత్తిరించడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు గుంట దగ్గరికి వద్దాం. మామూలు ఊనో బోర్డులో (ఆర్3) వేరియబుల్స్‌కు ఉన్న మెమరీ 2048 బైట్లు. టైముకు 4, ఆక్సిజన్‌కు 2, గుంట నంబరుకు 1 అనుకుంటే రికార్డు 7 బైట్లు. వందేసి రికార్డులున్న లిస్టులు రెండు అంటే 1400. కలపడానికి ఇంకో 200 రికార్డుల అర్రే పెట్టి ఉంటారు, అదో 1400. మొత్తం 2800. యాభైకి సగమే కాబట్టి నడిచింది. మరి ఎర్రర్ ఎందుకు రాలేదంటారా? ఆ మూడో అర్రేను మీరు ఫంక్షన్ లోపల పెట్టి ఉంటారని నా అనుమానం. కంపైల్ అయ్యాక ఆర్డుయినో చూపించే మెమరీ లెక్కలో గ్లోబల్ వేరియబుల్స్ (ఫంక్షన్ల బయట పెట్టినవి) మాత్రమే ఉంటాయి. ఫంక్షన్ లోపలివి నడిచేటప్పుడు స్టాక్ అనే తాత్కాలిక మెమరీలో పుడతాయి. అవి కిందికి పెరిగి గ్లోబల్స్‌ను తొక్కేస్తే బోర్డు ఏం చేస్తుందో దానికే తెలియదు. చిన్న లిస్టును మాత్రమే కాపీ చేసుకుందామన్నా 1400కి 700 కలిపితే 2100, అదీ పట్టదు.

ఫోన్‌లో చూపించడమొక్కటే పనైతే అసలు కలపకండి. రెండు లిస్టులూ వాటి చోట్ల వాటిని ఉండనిచ్చి, అన్నయ్య అడిగినప్పుడు రెండింటి మొదటి నుంచీ చూసుకుంటూ ఏది ముందు టైముదైతే అది పంపుతూ పోండి. కలిసిన వరుస ఫోన్‌లో తయారవుతుంది, బోర్డులో రెండు గుర్తులు తప్ప ఏమీ అక్కర్లేదు. సగం ప్రాజెక్టుల్లో ‘ఇన్‌ప్లేస్‌గా ఎలా కలపాలి’ అన్న ప్రశ్నకు సరైన జవాబు ఇదే.

లేదు, ఒకే లిస్టుగా బోర్డులోనే ఉండాలి, దాని మీద ఇంకేవో లెక్కలు కట్టాలి అంటే పరీక్షలో చేయాల్సిన పనే ఇక్కడా చేయండి. మొదటి బోర్డులో 200 రికార్డుల అర్రే ఒక్కటే పెట్టండి. దాని రీడింగులు మొదటి వందలో ఉంటాయి, చివర వంద ఖాళీ. రెండో బోర్డుకు రెండు మాటలు చెప్పండి: ముందు నీ దగ్గర ఎన్ని రికార్డులున్నాయో పంపు, తర్వాత కొత్తవాటి నుంచి పాతవాటికి, వెనక నుంచి ముందుకు పంపు. ఒక్కో రికార్డు రాగానే దానికంటే తర్వాతి టైమున్న మీ రికార్డులను చివరకు జరిపి, దాన్ని దాని గడిలో పెట్టేయండి. రెండో లిస్టును మీ బోర్డులో ఎక్కడా దాచే పనే లేదు. చేతిలో ఎప్పుడూ ఒక్క రికార్డే. మొత్తం 1400 బైట్లు పోను సీరియల్‌కు, స్టాక్‌కు ఆరొందలకు పైగా మిగులుతాయి. జరిపేలోపు తర్వాతి రికార్డు వచ్చి పోతుందేమోనన్న టెన్షన్ వద్దు. 9600 బాడ్‌లో (సెకనుకు 9600 బిట్ల వేగం) 7 బైట్లు రావడానికి ఏడు మిల్లీసెకన్ల దాకా పడుతుంది, వంద రికార్డులను జరపడం అంతకంటే చాలా ముందే అయిపోతుంది. తర్వాతెప్పుడైనా ఎస్‌డీ కార్డు తగిలిస్తే మాత్రం లెక్క మళ్లీ వేసుకోండి, దాని లైబ్రరీ ఒక్కటే 512 బైట్లు పట్టుకుని కూర్చుంటుంది.

సంఖ్య ముందే పంపమన్నది ఎందుకంటే, మొదట రాయాల్సిన గడి ఏదో దాన్నిబట్టే తెలుస్తుంది. వంద వస్తాయనుకుని మొదలుపెడితే అరవై వచ్చి ఆగితే మధ్యలో నలభై గడుల కంత మిగిలిపోతుంది. గుంటల దగ్గర కరెంటు, వైర్ల సంగతి మీకు నేను చెప్పాలా? లైను తెగి సగంలో ఆగిపోతే కంగారుపడకండి. కంతకు ఎడమన మీ రికార్డులు చెక్కుచెదరకుండా ఉంటాయి, కుడిన ఉన్నవి అప్పటికే సరిగ్గా కలిసిపోయి ఉంటాయి. కుడివైపువన్నీ ఎడమకు జరిపి కంత పూడిస్తే చాలు, వచ్చినంతవరకు లిస్టు సరైనదే. పైగా కొత్తవి ముందు పంపుతున్నారు కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ రీడింగులు అప్పటికే చేరి ఉంటాయి. రాకుండా పోయేవి సాయంత్రంవి. వాటిని లైను వచ్చాక మళ్లీ అడిగి తెప్పించుకోండి.